చిన్నపోలయ్య చెయ్యి

చిన్నపోలయ్యకు పెళ్లయి ముప్పై ఏళ్లయినా, సొంత ఇంట్లో నిద్రపోయిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తక్కిన రోజులన్నీ పెద్దరెడ్డిగారి కుక్కల కొట్టంలోనే గడిచిపోయాయి. అల్లూరుకు తూర్పున, సముద్రానికి రెండు మైళ్ల ఇవతల ఉండేది ఆ రెడ్డిగారి బంగళా. ఆయనకు మాగాణి ఉంది, గుర్రాలున్నాయి, అన్నిటికీ మించి మద్రాసు స్నేహితులు తెప్పించి ఇచ్చిన సీమ వేటకుక్కలున్నాయి. సన్నటి నడుము, పొడుగాటి మూతి, లెక్కపెట్టడానికి వీలుగా పక్కటెముకలు. ఊళ్లోవాళ్లు మొదటిసారి చూసినప్పుడు పాపం వీటికి తిండి పెట్టడం లేదేమో అనుకున్నారు. తిండికేం తక్కువ? రెండు పూటలా మాంసం, పైన మజ్జిగన్నం. పెట్టేవాడికి మాత్రం సంగటి. దొర కుక్కకూ దొర కుక్కలవాడికీ ఆమాత్రం తేడా ఉండొద్దా మరి!

చిన్నపోలయ్య పని కుక్కలను వదలడం. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది వినడానికి. కుక్క మెడపట్టీకి ఒక ఇత్తడి కడియం ఉంటుంది. అందులోంచి తువ్వాల దూర్చి, రెండు కొసలూ కలిపి ఒకే చేత పట్టుకుని ఇసకదిబ్బల మీద నడవాలి. పొదలోంచి చెవులపిల్లి, అదే కుందేలు, లేచి పరుగు తీసిన క్షణాన ఒక కొస వదలాలి. తువ్వాల జారిపోతుంది, కుక్క బాణంలా పోతుంది. ముందు వదిలితే కుక్క దారి తప్పుతుంది, ఆలస్యమైతే వేట దక్కదు. చూసి, ఆలోచించి వదిలేవాడు ఆ పనికి పనికిరాడు. ఎవరో "అదిగో" అనాలి, ఏదో పరుగెత్తాలి, చెయ్యి దానంతటది తెరుచుకోవాలి. "మా పోలడి చేతికి కండ్లుండాయి" అని పెద్దరెడ్డిగారు వచ్చిన చుట్టాలందరికీ చెప్పేవారు. ఆ మాట విన్న రోజు చిన్నపోలయ్యకు ఆకలి వేసేది కాదు. రెడ్డిగారికి ఆ సంగతి తెలిసే అలా అనేవారేమో, చెప్పలేం.

1958లో పెద్దరెడ్డిగారు పోయారు. కొడుకులకు మద్రాసు మీద ఉన్న మోజు ఈ ఇసక మీద లేదు. బంగళాను ధాన్యం నిలవకు ఇచ్చేశారు. గుర్రాలను ఎవరో తోలుకుపోయారు. చెవులపిల్లిని పట్టడం తప్ప మరో పని రాని కుక్కలను ఎవరు తీసుకుంటారు? ఉన్నవి ఐదు. నాలుగింటిని కొట్టం వెనకే తుపాకీతో కాల్పించారు. ఒక్కొక్కదాన్నీ తువ్వాలతో నడిపించుకుపోయి నిలబెట్టింది చిన్నపోలయ్యే. వేటకు పోతున్నామనుకుని అవి తోకలూపుకుంటూ వెళ్లాయి.  నాలుగోది పడ్డాక రెడ్డిగారి చిన్నకొడుకు కాళ్ల మీద పడిపోయాడు.

"చిన్నదొరా, దీన్ని నాకిడిచిపెట్టండి. ముసిలిదైపోయినాది. నేను సాక్కుంటా."

"నువ్వు తినేదానికే గతిలేదు, దీన్నేం సాకుతావురా" అని నవ్వి, తీసుకుపొమ్మన్నాడు ఆయన.

దాని పేరు ఫ్లోరా. చిన్నపోలయ్య నోట్లో పడి ఏనాడో పులోరా అయింది. ఏడేళ్ల ఆడకుక్క, బూడిదరంగుది.

ఇంటి దగ్గర అతని భార్య పెంచలమ్మ ఉంది. ఆమె సంగతి చెప్పాలి. వాళ్లకొక ఆడబిడ్డ పుట్టి మూడేళ్లు బతికింది. బిడ్డకు జ్వరం ముదిరిన రోజున కొట్టంలో ఒక కుక్క ఈనలేక అవస్థ పడుతోంది. కబురు మీద కబురు వచ్చినా పెద్దరెడ్డిగారు చిన్నపోలయ్యను కదలనివ్వలేదు. అతనూ ఎదురు చెప్పి కదల్లేదు. అతను ఇల్లు చేరేసరికి బిడ్డను పాతిపెట్టడానికి గుంట తవ్వుతున్నారు. ఆ తర్వాత పిల్లలు కలగలేదు. పెంచలమ్మ ఒంటికన్ను గండుపిల్లిని చేరదీసింది, రెండు కోళ్లను పెంచింది. ఈమధ్యే తల్లి చచ్చిపోయిన మేకపిల్లను తెచ్చుకుని, గుడ్డపీలిక పాలలో ముంచి చప్పరింపజేసి బతికించింది. నుదుట తెల్లమచ్చ ఉందని చుక్క అని పిలుచుకుంది. "పెంచలమ్మ సంతానం" అని ఇరుగమ్మలు ఎగతాళి చేసేవాళ్లు. చేస్తే చేశారు, ఇంట్లో మాట్లాడించడానికి మొగుడు లేనప్పుడు మేకనైనా మాట్లాడించాలి గదా.

అలాంటి ఇంటికి చిన్నపోలయ్య కుక్కను తీసుకుని వచ్చాడు.

"ఏందయ్యా ఇది?" అంది పెంచలమ్మ.

"ఇంక ఈడే ఉంటాది మే. నేనూ ఈడే ఉంటా. కొట్టం మూసేసినారు."

"నా బిడ్డ నోట్లో నువ్వు నీళ్లు బొయ్యకుండా పట్టి పెట్టుకున్న జాతి గదయ్యా ఇది. దీన్ని దెచ్చి నా ఇంట్లోనే పెడతావా?"

చిన్నపోలయ్య తలెత్తలేదు. "దీంతోటివన్నీ పోయినాయి పెంచలా. నేనే నిలబెట్టి చంపించినా. ఇదొక్కటే ఉండాది."

పెంచలమ్మ చాలాసేపు కుక్కను చూసింది. కుక్క వణుకుతోంది. ఆమె మేకపిల్లను చంకనెత్తుకుని చెప్పింది: "ఒకే మాట. నా పిల్లల్లో ఒకదాని మింద దీని పన్ను పడిందంటే, ఆ పొద్దే దీనికి ఆఖరి పొద్దు. నువ్వే జంపాల. నీ చేత్తోనే."

సరేనన్నాడు. ఆ మాటతో ఇంట్లో అడుగుపెట్టనిచ్చింది. వాళ్ల ఇళ్లలో పిల్లినైనా మేకనైనా కొత్తగా తెస్తే రోటి చుట్టూ మూడుసార్లు తిప్పుతారు, తిప్పితే పాత ఇంటికి పారిపోదని. ఇల్లాలు తిప్పాలి. పెంచలమ్మ లేవలేదు. చిన్నపోలయ్యే తిప్పుకున్నాడు.

కొబ్బరిపీచు పురితో దాని మూతికి చిక్కం అల్లాడు, నూర్పిళ్లలో ఎద్దులకు కట్టే చిక్కం లాంటిదే, చిన్నది. పగలంతా చిక్కం, చేతిలో తువ్వాల. కోడి ఎదురొస్తే కుక్క ఒళ్లు బిగిసేది, చర్మం కింద ఏదో పాకినట్టు కండలు కదిలేవి. చిన్నపోలయ్య గొంతుక్కూర్చుని దాని చెవిలో "వొద్దమ్మా, వొద్దు, ఇయ్యి మనోళ్లు" అని గంటలకొద్దీ చెప్పేవాడు. మనిషి మాటే వినని లోకంలో కుక్క వింటుందా అని రమణయ్య లాంటివాళ్లు గట్టు మీద నిలబడి నవ్వేవాళ్లు. రమణయ్యది పక్క చేను, పెద్ద గొంతు, చిన్న కోపం.

నవ్వినవాళ్లకు తెలియనిదేమంటే, ఆ కుక్కే అందరికంటే ఎక్కువ భయపడింది. దానికి ఇల్లంటే తెలియదు. కుండ మీద మూత పడితే మూలకు దూరేది. సగం కళ్లు తెరుచుకుని నిద్రపోయేది, నిద్రలో ఎవరి కాలైనా తగిలితే ఉలిక్కిపడి అరిచేది. ఒంట్లో కొవ్వు లేదేమో, కటిక నేల మీద పడుకుని మోచేతులు పుండ్లు పడ్డాయి. గండుపిల్లి మూడో రోజే వచ్చి, చిక్కంలో ఉన్న దాని మూతి మీద ఒకటి పీకింది. ఇసకదిబ్బల్లో నక్కను చీల్చిన కుక్క కుయ్యిమని చిన్నపోలయ్య కాళ్ల సందున దాక్కుంది. పెంచలమ్మ నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వడం చూసి ఎన్నేళ్లయిందో చిన్నపోలయ్యకు గుర్తు రాలేదు.

కార్తీకం వానల్లో ఒకనాడు ఆమె పిండి రుబ్బుతుంటే కుక్క వచ్చి ఒళ్లంతా ఆమె భుజానికి ఆనించి నిలబడింది. ఆ జాతికి అదొక అలవాటు, నచ్చిన మనిషికి గోడకు ఆనుకున్నట్టు ఆనుకుంటుంది. "తూ, బరువు, అవతలికి పో" అంది గానీ తోసెయ్యలేదు. మర్నాడు దాని మీద పాత చీర ముక్క కప్పి ఉంది. చిన్నపోలయ్య చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మాఘం వచ్చేసరికి చిక్కం తీసేశారు. చుక్క దాని కడుపు దగ్గర ముడుచుకుని పడుకునేది. చిన్నపోలయ్య పగలు కూలికి పోయి, సాయంత్రం ఇంటికొచ్చి, వేడి వేడి సంగటి తిని, భార్య పక్కన ఇంట్లో పడుకునేవాడు. యాభై ఏళ్లు దాటాక కాపురానికి వచ్చిన పెళ్లికొడుకు! అతని బతుకులో సుఖమంటూ ఉంటే ఆ నాలుగైదు నెలలే.

ఒక్క విషయంలో పెంచలమ్మకు మనసు కుదుటపడలేదు. బయటికి తీసుకుపోయేటప్పుడు అతను కుక్కను పాత పద్ధతిలోనే, కడియంలో తువ్వాల దూర్చి, కొసలు చేత పట్టుకుని నడిపించేవాడు.

"ముడేసి పట్టుకోరాదా?" అందామె.

"ముప్పై ఏండ్లలో ఒక్కనాడు ముడెయ్యలా మే. ముడేసేవోడు కుక్కలోడా?"

ఇంతకాలం చాకిరీలో అతనికి మిగిలింది ఆ ఒక్క గొప్పే. దాన్ని వదులుకోలేకపోయాడు.

ఫాల్గుణంలో ఒక సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, కుక్కను కాలవ గట్టున తిప్పి ఇంటి ముందుకు వచ్చాడు. అప్పుడే చుక్క పలుపు తెంపుకుని రమణయ్య పెసరచేలో పడింది. రమణయ్య చూశాడు. చేతిలో కర్ర తిప్పుతూ గట్టు మీద నుంచి అరిచాడు.

"అదిగో! అదిగో పోతుండాది! పట్టండి!"

మేకపిల్ల బెదిరి పరుగు తీసింది.

చిన్నపోలయ్య చెయ్యి తెరుచుకుంది. తను తెరిచానని అతనికి తెలియనే తెలియదు. తువ్వాల గాలిలో ఆడుతుండగా తెలిసింది. "పులోరా, వొద్దు! వొద్దే!" అని గొంతు చించుకున్నాడు. వదిలాక వెనక్కి పిలవడం ఆ కొట్టంలో ఎవరూ ఏనాడూ నేర్పలేదు. చేలో సగం దూరం కూడా పోకముందే అంతా అయిపోయింది. కుక్క చుక్కను మెడ దగ్గర పట్టి తెచ్చి, అతని కాళ్ల ముందు పెట్టి, తలెత్తి చూసింది. మంచి పని చేశాననుకుంది. అతని రెండో చెయ్యి, పాపిష్టి చెయ్యి, అప్పటికే దాని తల నిమరడానికి లేచింది.

పెంచలమ్మ గుమ్మంలోంచి ఆ చెయ్యిని చూసింది.

ఆమె ఏడవలేదు. వచ్చి కింద కూర్చుని మేకపిల్లను ఒళ్లో పెట్టుకుంది. అది ఇంకా వెచ్చగా ఉంది. రమణయ్య కర్ర కింద పడేసి, "నాలుగు పెసరకాయలకు ఇంత పనైపోయెనే అక్కా" అంటూ నిలబడ్డాడు. తర్వాత తల దించుకుని వెళ్లిపోయాడు.

చిన్నపోలయ్య తువ్వాల మళ్లీ కడియంలో దూర్చాడు. ఈసారి ముడి వేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. పలుగు భుజానికెత్తుకుని కుక్కను నడిపించుకుంటూ కాలవ వైపు తిరిగాడు. కుక్క తోకాడిస్తూ వెళ్లింది.

"యాడికి?" అంది పెంచలమ్మ.

"నువ్వు జెప్పిన మాట ఉండాది గదా."

"కుక్కేం జేసినాది? నువ్వు వదిలినావు, అది పోయినాది. నువ్వు నేర్పిన పనే గదా జేసినాది." లేచి వచ్చి అతని చేతిలోంచి తువ్వాల లాక్కుంది. "నాలుగింటిని నిలబెట్టినావు, చాల్లేదా? ఇంక దీన్ని నువ్వు ముట్టొద్దు. నీ చెయ్యి దీని మింద పడగూడదు."

కుక్కను లోపలికి తీసుకుపోయింది. చిన్నపోలయ్య చుక్కను పాతిపెట్టి, కాలవలో చేతులు కడుక్కుని వచ్చి ఇంటి ముందు పంచలో కూర్చున్నాడు. లోపల కుక్క ఉంది. తను లోపలికి పోతే అది వచ్చి ఆనుకుంటుంది. ముట్టకుండా ఎలా? పెంచలమ్మ ముఖం ఎలా చూడాలి? ఆ రోజుకు పంచలోనే పడుకున్నాడు. మర్నాడూ అంతే. తర్వాత చాప అక్కడే ఉండిపోయింది.

నాలుగున్నరేళ్లు అలాగే గడిచాయి. పెంచలమ్మ గిన్నె తెచ్చి పంచలో పెట్టేది, అతను తిని కడిగి పెట్టేవాడు. అవసరమైన మాటలు ఉండేవి, వాన పడేట్టుంది, పుల్లలు తడుస్తాయి, అంతవరకే. ఆమె సరుగుడు తోపులకు పుల్లలేరడానికి పోతే కుక్క పక్కనే నడిచేది, గట్టి ముడి వేసిన తాడుతో. అతను కనిపిస్తే చాలు కుక్క గుంజుకుని వచ్చి ఒళ్లంతా అతనికి ఆనించేది. చిన్నపోలయ్య రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని నిలబడేవాడు. పొలంలో ఎవరైనా గట్టిగా అరిస్తే చాలు చేతులు చంకల్లోకి పోయేవి. చేతులు కట్టుకునే పోలయ్య అని పేరు పడింది. ఊరికేం, పేరు పెట్టడానికి సొమ్మా పోతుంది?

1963 కార్తీకంలో, ముసురు పట్టిన ఒక ఉదయం, పులోరా చచ్చిపోయింది. పన్నెండేళ్లది, రెండు రోజులు ఏమీ తినలేదు, పోయింది. పెంచలమ్మ బయటికి వచ్చి "గుంట తవ్వయ్యా" అంది. తవ్వాడు. ఆమె కుక్కకు నీళ్లు పోసి, చీర ముక్కలో చుట్టి, తనే దించింది. అతను మన్ను కప్పాడు. అప్పుడు కూడా దాన్ని ముట్టలేదు.

ఇద్దరూ తడిసిపోయారు. పెంచలమ్మ ఇంట్లోకి పోతుంటే చిన్నపోలయ్య పంచలోనే ఆగాడు.

"పెంచలా, కుక్క పాయె గదా. ఇంక నేను లోపలికి రావచ్చునా?"

ఆమె వెనక్కి తిరిగింది. "నిన్ను రావద్దని ఎవురు జెప్పినారు?"

"నువ్వే గదా, ఆ పొద్దు..."

"కుక్కను ముట్టొద్దన్నా. ఇంట్లోకి రావద్దన్నానా?" అతని ముఖం చూస్తూ చూస్తూ ఆమె గొంతు తగ్గిపోయింది. "చానా దినాలు తలుపు తీసే పెట్టినానయ్యా. నువ్వు రాకపోతివి. ముప్పై ఏండ్లూ బయటే పండుకున్న మడిసివి, నీకదే బాగుందేమోలే అనుకున్నా."

చిన్నపోలయ్య లోపలికి వెళ్లాడు. ఆ తర్వాత అతను బతికింది ఏడాదిన్నర.