కలువాకుల్లో చిక్కిన గేలం

ఈస్టర్ శనివారం ఉదయం ఆరున్నరకు, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ఒక మడుగులో, మా వియ్యంకుడి గేలం కలువాకుల్లో చిక్కుకుంది. ఆయన కొల్లేటి మనిషి. దారం తెంపడం నామోషీ ఆయనకు. నీళ్లలో దిగి చేత్తో విడదీసుకోవడమే అలవాటు. మొసలి బొమ్మ ఉన్న బోర్డు పక్కనే నిలబడి ప్యాంటు మడిచాడు.

"అన్నయ్యగారూ, దిగొద్దు," అన్నాను.

"నాకు నీళ్లు కొత్తా చెల్లెమ్మా?"

"నాన్నా, లైన్ కట్ చేసెయ్. ఇంకోటి కొందాం," అన్నాడు అల్లుడు.

వినలేదు. నడుం లోతుకు పోయాడు. గాలి లేదు. అవతల కలువాకులు ఒకదాని తర్వాత ఒకటి లేచి వాలుతూ, ఆ కదలిక ఆయన వైపే వచ్చింది. ఆయనా చూశాడు. దారం వదిలేసి, చప్పుడు కాకుండా వెనక్కి నడిచాడు.

నా ఎదుట కుర్చీలో కూడా కూర్చోని మనిషి, ఒడ్డెక్కి నా చెయ్యి పట్టుకున్నాడు. కారు దాకా వదల్లేదు.

ఆ రోజు అక్కడున్నది ఆయన, నేను, మా అమ్మాయి సునీత, అల్లుడు ప్రసాద్. ఆకుల కింద ఉన్నదాన్ని ఎవరమూ చూడలేదు.