వెల్లకిలా తొక్కే సైకిలు

కరోనా కాలంలో, సూరత్ మగ్గాల బస్తీలో రాజలింగం గెలిచిన తగవును పక్కింటి లచ్చవ్వ కళ్ళారా చూసింది. వెల్లకిలా ఒరిగి, కాళ్ళు ముందుకు చాపి తొక్కే సైకిలు మీద అతను గల్లీలోకి రాగానే ఎదురింటి పద్మారాణి అడ్డం నిలబడింది. "గీ చావుల దినాలల్ల, పాడె మీద పోయినట్టు మా గడప ముంగట పోతవేంది?" అంది. "పీనుగ పెడల్ తొక్కుతదా అక్కా?" అన్నాడతను. గల్లీ అంతా నవ్వింది. పద్మారాణి తప్పుకుంది.

రాజలింగం మగ్గాలకెక్కించే బరువైన నూలు బీములు ఎత్తీ ఎత్తీ నడుము పోయిన మనిషి. అందుకే పాత సైకిలుకు ప్లాస్టిక్ కుర్చీ బిగించుకున్నాడు. లాక్‌డౌన్‌కు మగ్గాలు ఆగినా అతని కాళ్ళు ఆగవు. అన్నం తింటున్నా మోకాలు ఊగుతూనే ఉంటుంది. బండ్లు తిరగడం మొదలయ్యాక, కూరగాయలు దింపి పోయే టెంపోలో సైకిలు వేసుకుని దూరాన ఉన్న డాంగ్ కొండల రాళ్ళబాట ఎక్కాలని పోతాడు. మోచేతులు దోక్కుపోయి వస్తాడు. "ఎక్కినవారా?" అని లచ్చవ్వ అడిగితే మొహం తిప్పుకుంటాడు. మగ్గాలు నడుపుతామని సేఠ్ కబురు పంపిన రోజు మాత్రం తనే ఆమె గడప ముందుకొచ్చాడు. "రేపొక్కటే ఉన్నదవ్వా, ఎల్లుండి నుంచి మళ్ళ మగ్గమే. సగం ఎక్కినంక ఆకాశం తప్ప ఏం కనపడది. ఎనకకు పడ్తనని కాళ్ళు ఆగుతున్నయ్. నువ్వు రా."

"ముసల్దాన్ని, నిన్ను నూకాల్నారా?"

"నూకుడు వద్దు. ఎనక నిలబడి తిట్టు. నీ గొంతు ఇనపడ్తుంటే కాళ్ళు ఆగయ్."