ఆపే బటన్ అద్దంలో ఉండకూడదన్న ఓబుళన్న

బుధవారం ఉదయం పెనుకొండలో రైలెక్కి, ధర్మవరం నుంచి ఎప్పుడూ అదే పెట్టెలో వచ్చే ఓబుళన్న కోసం చూస్తుండగా ఫోను మోగింది. "మా బావ పోయినాడమ్మా. స్నానం చేసొచ్చి కుర్చీలో కూర్చున్నాడు, అట్లే ఒరిగిపోయినాడు" అని ఆయన బావమరిది ఏడుస్తూ చెప్పాడు. హిందూపురం వచ్చినా లేవలేకపోతే పక్కనున్నావిడ చెయ్యి పట్టుకుని దింపింది. ముప్పై ఏళ్లు ఊరివాళ్ల యంత్రాలన్నిటికీ ప్రాణం పోసినవాణ్ణి ఒక్క క్షణం ఆగకుండా తీసుకుపోవడం ఏం న్యాయం భగవంతుడా!

ఓబుళన్న, అంటే ఓబుళేసు గారు, మా హిందూపురం అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. నేను అక్కడే ప్రెస్ ఆపరేటర్‌ని, పేరు సావిత్రి. తెలుగు ఎం.ఏ. చదివి అట్టలు కోస్తున్నానని "ఏమమ్మా పండితురాలా" అని నన్ను ఆటపట్టించేవాడు. ఆయన దివంగతుడైన నాటికి ఒక కాగితం ఆయన సంతకం కోసం ఎదురుచూస్తోంది. కొత్తగా వచ్చిన కోత యంత్రం నిరపాయకరమని ధ్రువీకరించే కాగితమది. సంతకం పడితే సోమవారం యంత్రం నడుస్తుంది. దాని దవడల మధ్య చేతులు పెట్టి పనిచేయాల్సింది నేనూ, నా తోటి ఆడవాళ్లూ. వారం రోజులుగా అడుగుతున్నా ఆయన సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నలుగురికీ తెలియాలనే అశ్రునయనాలతో ఈ మాటలు రాస్తున్నాను.

ఆయన ధర్మవరం నేతగాళ్ల బిడ్డ. రైల్లో ఎవరైనా ఫోను తెర పని చేయలేదని విసుక్కుంటే చాలు, పాఠం మొదలయ్యేది. "ఈ అద్దం కింద కంటికి కనపడని వల ఉండాది. మన మగ్గం మీద పడుగూ పేకా మాదిరి నిలువు పోగులు, అడ్డ పోగులు. వాట్లో రవ్వంత కరెంటు ఉంటాది, చీమక్కూడా తెలీదు. మన ఒంట్లో నీళ్లూ ఉప్పూ ఉండాయి కదా, ఏలు ఆనిస్తే ఆ కరెంటు కొంచెం మనవైపు గుంజుకుంటాది. ఏ నిలువు కాడ, ఏ అడ్డం కాడ తేడా వచ్చిందో లోపలుండే చిప్పు లెక్కేసుకుని, ఓహో ఈడ తాకినాడు అనుకుంటాది. అంతేనప్పా, మంత్రం లేదు, మాయ లేదు!" పాత రకం తెరలు వేరని కూడా చెప్పేవాడు. వాటిలో రెండు పొరలుంటాయి, అదిమితే ఒకదానికొకటి అంటుకుంటాయి. వాటికి గట్టిగా నొక్కితే చాలు, వేలే కానక్కర్లేదు.

ఒకనాడు పెనుకొండ స్టేషన్‌లో టికెట్ల యంత్రం ముందు ఒక అవ్వ నిలబడి వేలితో పొడిచి పొడిచి అలసిపోయింది. వెనక వరసలో గొణుగుడు మొదలైంది. "జరుగవ్వా, తెలీకపోతే ఎందుకొస్తావు?" అన్నాడొకడు. ఓబుళన్నకు చర్రున కోపమొచ్చింది. "ఆయమ్మ ఏలు కలుపు తీసి తీసి మొద్దుబారింది. ఎండిన తోలు దానికి సరిగ్గా తెలీదు. తప్పు అద్దానిదప్పా, అవ్వది కాదు" అని, తన సీసాలో నీళ్లతో ఆమె వేలు తడిపి తువ్వాలుతో అద్దాడు. టికెట్ వచ్చింది. రైలెక్కాక నాతో అన్నాడు: "ఆస్పత్రిలో, బ్యాంకులో, పెట్రోలు బంకులో, చీరల డిజైను గీసేకాడ, యాడ జూసినా ఇదే. ఉండనీ, మంచిదే. ప్రాణం కాపాడే పని మాత్రం దీనికి అప్పజెప్పొద్దు."

ఆ మాట విలువ నాకు ఆయుధపూజ నాడు తెలిసింది. అప్పటికి కొద్ది రోజుల ముందే మా పాత ప్రెస్సుకు బటన్లన్నీ పీకేసి, ఫోను లాంటి అద్దపు తెర పెట్టారు. నడపాలన్నా, ఆపాలన్నా దాని మీదే. పూజనాడు మేం యంత్రాలన్నిటికీ పసుపు పూసి బొట్లు పెడతాం. ఆ ప్రెస్సు నాది కాబట్టి నేనే పెట్టాను. ముఖానికి బొట్టు పెట్టకుండా ఎట్లా అని, తెర నిండా తడి పసుపు పులిమాను. హారతి కాగానే నడపాలని మేనేజర్ గారు కరెంటు ఆపనివ్వలేదు. దవడల మధ్య అట్టముక్క ఒకటి ఇరుక్కుని కనిపించింది. పండగపూట యంత్రం శుభ్రంగా ఉండాలని చెయ్యి పెట్టాను.

పసుపు నీళ్లు కారి, అటు ఇనుప చట్రాన్నీ ఇటు తెరనూ కలిపి అంటుకున్నాయి. తెరకు అది వేలే. ఎవరూ తాకకుండానే తెర మీద నడిపే గుర్తు రంగు మారింది. కొబ్బరికాయ పట్టుకుని నిలబడిన ఓబుళన్న అది చూశాడు. కాయ కింద పారేసి గోడ దగ్గరికి పరిగెత్తి మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. పై దవడ నా ముంజేతి మీద ఆనిన చోట ఆగింది. గాజులు పగిలి చర్మంలో దిగాయి. ఎముక మాత్రం విరగలేదు.

"బుద్ధి లేదు నాకు, తెరకు పసుపు పూసినా" అని నేను ఏడుస్తుంటే ఓబుళన్న గద్దించాడు. "నోర్ముయ్ తల్లీ. నువ్వు బొట్టు పెట్టినావు, అంతే. ఆపే బటన్ తీసుకపోయి అద్దంలో పెట్టినోడిది తప్పు."

మర్నాటి నుంచి ఆయన ఆ ప్రెస్సును నడపనివ్వలేదు. "తెరమీద ఆపే గుర్తు ఉంది కదయ్యా, ఇంకేం కావాలి?" అని మేనేజర్ గారు మండిపడ్డారు. ఓబుళన్న మేం వేసుకునే దళసరి నూలు చేతొడుగులు తెచ్చి ఆయనకిచ్చాడు. "ఇవి తొడుక్కోండి సార్. నేను ఒట్టి మిషన్ తిప్పుతా, మీరు ఆపండి." మేనేజర్ గారు నొక్కారు. ఆగలేదు. మళ్లీ నొక్కారు. గుద్దారు. దవడలు లేస్తూ పడుతూనే ఉన్నాయి. "ఇప్పుడు మీ చెయ్యి లోపలుండాదనుకోండి సార్" అన్నాడు ఓబుళన్న, గొంతు పెంచకుండా. బదిలీ చేస్తామని బెదిరించారు. బెదరలేదు. చివరికి చెయ్యి పెట్టే వైపునే, అరచేత్తో కొడితే ఆగే ఎర్ర బటన్ వచ్చింది.

గురువారం ధర్మవరంలో అంత్యక్రియలకు వెళ్లినప్పుడు ఓబుళన్న భార్య, మా వదిన, నన్ను గుర్తుపట్టింది. నా కుడిచెయ్యి పట్టుకుని, మణికట్టు మీద మచ్చ తడిమి, "ఇదేనా ఆ చెయ్యి? ఎన్ని తూర్లు చెప్పినాడో!" అని బావురుమంది. నేనూ ఏడ్చాను, ఆపుకోలేక.

శుక్రవారం ఫ్యాక్టరీలో సంతాపసభ జరిగింది. మౌనం పాటించి ఇంకా కళ్లయినా తుడుచుకోకముందే మేనేజర్ గారు ఆ కాగితం నా ముందు పెట్టారు. కొత్త యంత్రానికి ఎర్ర బటన్ వెనకవైపు ఒక్కటే ఉంది. మేం చెయ్యి పెట్టే వైపు ఆపాలంటే మళ్లీ అద్దమే. "నువ్వే సీనియర్‌వి సావిత్రమ్మా. ఓబుళేసు ఉండుంటే ఈపాటికి పెట్టేవాడే. ఒక సంతకం కొట్టు" అన్నారు.

ఉండుంటే పెట్టేవాడే! ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. చనిపోయిన మనిషి నోట లేని మాట పెడతారా? కాగితం తీసుకుని, "చెయ్యి పెట్టే వైపు ఆపే బటన్ లేదు. ఈ యంత్రం నడపరాదు" అని రాసి, దాని కింద సంతకం పెట్టాను. ఉద్యోగం మీద ఆశ లేదా అని అడిగారు. ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. సోమవారం పొద్దున ఆఫీసుకు రమ్మన్నారు.

అన్నా, ఇన్నాళ్లూ మా అందరి బదులు కాదనడానికి నువ్వున్నావు. అందుకే మాకు భయమంటే తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. నీ స్థానంలో ఇంకో ఫోర్‌మన్ వస్తాడు, నీలాంటి మనిషి మాత్రం రాడు. రేపే సోమవారం, వెళ్లి ఏమంటారో వింటాను, కానీ రాసింది మాత్రం కొట్టేయను. నీకు దండం పెట్టడానికి ఈరోజు నాకు రెండు చేతులున్నాయి. రెండూ జోడిస్తున్నాను.