గుర్రం దాణాలో దోసెడు తవుడు

మొన్న మా ఎదురింటి అమ్మాయి తన కొడుకును కెనడాకు తీసుకుపోవడానికి లాయరును పెట్టుకుంది. అక్కడివాళ్ళు కాగితాలతో తృప్తిపడక తల్లీబిడ్డలేనని తేల్చే పరీక్ష కావాలన్నారట. తల్లి చెంపలోపల ఒక దూదిపుల్ల, పిల్లవాడి చెంపలోపల ఒక దూదిపుల్ల తిప్పి తీసుకుపోయారు. ఇద్దరూ నోరు తెరిచారే గాని ఒక్క మాట మాట్లాడే పని పడలేదు. అదృష్టవంతులమ్మా అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకుంది. నా మాటలకు ఎప్పుడూ ఆ గతే పడుతుంది గనక నేనూ సర్దిచెప్పలేదు.

యాభైల చివర్లో, నాకు పదేళ్ళప్పుడు, నన్నూ అలాగే సముద్రం దాటించాలనుకున్నారు. మాది మైపాడు పక్కన చేపలు పట్టేవాళ్ళ పేట. నాయన మలయాలోని పినాంగు రేవులో మూటలు దించే పనికి పోయి, కాస్త కుదురుకున్నాక మమ్మల్ని రమ్మన్నాడు. అక్కడ చట్టాలు బిగుస్తున్నాయనీ, పిల్లవాడు తమ బిడ్డేనని ఇక్కడి మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణం చేసి వెంటనే పంపకపోతే ఇక పిలిపించుకునే దారి ఉండదనీ అక్కడి వకీలు చెప్పినాడట. మా పేటలో పుట్టుకలు రాయించే అలవాటు లేదు. పుట్టినవాడు నిలుస్తాడో లేదో తెలియనిదే రాయించడం తొందరపాటనుకునేవాళ్ళు.

నాకు ముందు పుట్టినవాళ్ళు ముగ్గురూ నిలవలేదు. అందుకని నేను పుట్టగానే నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటామెకు చేటెడు తవుడుకు అమ్మేశారు. ఇలాంటి బేరాలు మీలో కొందరి ఇళ్ళలోనూ జరిగే ఉంటాయి, పైకి చెప్పరు గాని. పేరు పెంటయ్య. కొన్నామెను అమ్మా అనాలి, కన్నామెను అత్తా అనాలి. పొరపాటున కన్నామెను అమ్మా అంటే మృత్యువుకు ఆనవాలు దొరుకుతుంది. కన్నామె దగ్గరే తిన్నాను, పెరిగాను, దెబ్బలూ ఆమె చేతివే. పిలుపు ఒక్కటే పక్కింటికి పోయేది.

నెల్లూరులో ఒక ప్లీడరు గారు మా పని ఒప్పుకున్నారు. వాయిదా రోజున పక్కింటామె కూడా సాక్ష్యానికి వచ్చింది. మేజిస్ట్రేటు గారు నన్ను చూసి, మీ అమ్మ ఎవరబ్బాయ్ అన్నారు. నేను బుద్ధిమంతుణ్ణి గనక తడుముకోకుండా పక్కింటామెను చూపించాను. మరి ఈమె? అత్త. ఆయన కలం కింద పెట్టి మా వాళ్ళను అడిగారు. మా వాళ్ళూ అబద్ధమాడే మనుషులు కారు.

"ఆయక్కకు అమ్మేసినా సామీ, పురిట్లోనే. చేటెడు తవుడుకి."

ఊళ్ళోవాళ్ళ పిల్లలను ఓడలెక్కించి పనులకు తోలేవాళ్ళ సంగతి ఆయన విని ఉన్నారు. మమ్మల్ని బయటికి పంపించి, మధ్యాహ్నం మళ్ళీ పిలుస్తాననీ, అప్పుడూ ఇదే వరస అయితే ఈ కాగితం మీద తన సంతకం ఉండదనీ చెప్పారు. వరండాలో ప్లీడరు గారు తల పట్టుకున్నారు. "నీ మొగుడు రమ్మన్నది కొడుకునా, మేనల్లుణ్ణా తల్లీ? వాడు అమ్మా అనకపోతే నేనేం చెయ్యను?"

"అంటే నా బిడ్డ దక్కడు సామీ."

అనకపోతే ఓడ దక్కదు. ఇద్దరాడవాళ్ళూ కాసేపు గుసగుసలాడుకున్నారు. తర్వాత కన్నామె గబగబా మమ్మల్ని తెచ్చి గేటు దగ్గర ఆగిన జట్కావాడి దగ్గరికి పోయి, గుర్రం దాణాలోంచి దోసెడు తవుడు అడిగింది. "గుర్రాన్ని గూడా పినాంగుకు తోల్కపోతావా యేంది?" అన్నాడు వాడు, ఇస్తూనే. ఆ తవుడు పక్కింటామె కొంగులో పోసి, నా బిడ్డను నేను కొనుక్కుంటున్నానని మూడుసార్లు గట్టిగా అంది. గట్టిగా అంటే, వరండాలోని కక్షిదారులందరూ తమ తగాదాలు ఆపుకుని మా చుట్టూ మూగేంత గట్టిగా. "పేరేందిరా?" అని ఎవరో అడిగితే ఇంకెవరో చెప్పారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గుర్రం ఒక్కటే నవ్వలేదు; దాని తవుడు పోయింది మరి.

మధ్యాహ్నం దేవుడి మీద ప్రమాణం చేయించి, మళ్ళీ అడిగారు. నవ్వినవాళ్ళు గుమ్మం దగ్గర ఉన్నారేమోనని సిగ్గుతో ముందు అటు చూశాను. చివరికి కన్నామె వైపు తిరిగి అమ్మా అన్నాను. ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుని గోడకు తిరిగి నిలబడింది. మేజిస్ట్రేటు గారు ఆ వీపును చాలాసేపు చూసి, ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టారు.

మెట్లు దిగకముందే కన్నామె మళ్ళీ నన్ను అమ్మేసింది. పక్కింటామె కొంగులోని ఆ తవుడే తిరిగి ఆమె కొంగులోకి వచ్చింది, అక్కణ్ణుంచి గుర్రానికి పోయింది.

పినాంగులోనూ అత్తా అనే పిలిచాను. తర్వాత మద్రాసులో కాలేజీలో చేరి పేరు మార్చుకున్నాను; చూడవచ్చినప్పుడు నా స్నేహితులు ఆమెను మేనత్త అనుకుంటే అనుకోనిచ్చాను. చేపల బుట్టలు మోసిన ఆ భుజాలూ ఆ మాటతీరూ మేనత్తవైతే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఆమె పక్కనే నిలబడి, ఇంకొంతమంది నమ్మినారని సంతోషంగా నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే కోర్టు వరండాలో నవ్వు ఏపాటిదీ కాదు.

ఇప్పుడు తల్లెవరో దూదిపుల్లలు చెప్పేస్తున్నాయి. వాటికి సిగ్గు లేదు, భయమూ లేదు. నాకు డెబ్బై దాటి చాలాకాలమైంది. కాబట్టి ఆమె బేరం గిట్టిందనే అనుకోవాలి. ఆమెను అమ్మా అని పిలిచింది మాత్రం ఆ పూట కోర్టులోనే, అదీ ప్రమాణం చేసి.