చామంతి చేనుకు ఎదురు స్తంభం

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, వానాకాలం మొదట్లో, నన్ను నల్లగొండలో పానగల్ వైపు కాలనీల వీధిదీపాలకు ఎలక్ట్రీషియన్‌గా వేశారు. అప్పటిదాకా నేను హెల్పర్‌ని, అంటే నిచ్చెన పట్టుకునేవాణ్ని. చదువు ఆరో తరగతితోనే ఆగింది కాబట్టి ఆ నిచ్చెన ఎక్కడానికి నాకు పద్దెనిమిదేళ్లు పట్టింది. ఆ సంబురంలో ఉండగానే పాత పసుపు దీపాలు తీసేసి తెల్లటి ఎల్‌ఈడీలు బిగించమన్నారు.

వీధిదీపాన్ని నేరుగా స్తంభానికి కట్టరు. ఒక ఇనుప గొట్టాన్ని క్లాంపుతో బిగించి, దాని కొసకు దీపం తొడుగుతారు. ఆ గొట్టాన్ని మేం బ్రాకెట్టు అంటాం. అది ఎంత పైకి లేస్తే వెలుగు అంత దూరం పోతుంది. మా పనివాళ్లలో ఒక గొప్ప ఉండేది: నార్కట్‌పల్లి రోడ్డు మీద జీపులో వచ్చే ఆఫీసరుకు మన దీపం దూరం నుంచే కనబడాలి. నేనూ ప్రతి బ్రాకెట్టునూ జానెడు పైకి లేపి బిగించాను. కాలనీ పట్టపగల్లా ఉందని మా ఇంజినీరు, ఏఈ గారు మెచ్చుకున్నారు. ఇంటికి వెళ్లి మా ఆవిడకు ఆ మాట మూడుసార్లు చెప్పాను.

వినాయక చవితి దాటిన వారం ఎల్లమ్మ అనే ఆమె ఆఫీసుకు వచ్చింది. కాలనీ చివరి స్తంభానికి ఎదురుగా, రోడ్డు అవతల, పది గుంటలు, అంటే పావెకరం, కౌలుకు తీసుకుని చామంతి వేసింది. చిన్నప్పటి నుంచి ఒకరి చేలో కూలి చేసిన మనిషి. తనదని వేసుకున్న మొదటి పంట అది. కార్తీకానికి పూలు రాకపోతే కౌలు వదిలేసి మళ్లీ కూలికే పోవాలి. ఫిర్యాదుల రిజిస్టరు తెరిచి ఏమి రాయమంటావని అడిగాను.

"నీ దీపం నా పూలను పూయనిస్తలేదని రాయి తమ్మీ," అంది.

అన్నేళ్ల కొలువులో దీపం వెలగడం లేదన్న ఫిర్యాదే తప్ప వెలుగుతోందన్న ఫిర్యాదు వినలేదు. నవ్వొచ్చింది. "పూలకు నిద్ర పడ్తలేదా అక్కా?" అన్నాను.

"పెద్ద కొలువు దొరికింది గదా, నవ్వుతవు. ఒక్కసారొచ్చి చూడు, గప్పుడు నవ్వు."

మర్నాడు పొద్దున వెళ్లాను. చామంతి మోకాలెత్తు పెరిగి ఆకు మీద ఆకు వేస్తోంది, మొగ్గ మాత్రం లేదు. చేను అంచున మోటారు గది ఉంది. దాని వెనక కొన్ని మొక్కలకు మెంతిగింజంత మొగ్గలు కనిపించాయి. నీళ్లు ఒకటే, ఎరువు ఒకటే. మొగ్గలున్న మొక్కలు గీత గీసినట్టు ఒకచోట మొదలయ్యాయి. ఆ గీత వెంబడి గది మూల మీదుగా చూస్తే నా చూపు పోయి నా దీపానికే తగిలింది. గది నీడ పడ్డంత మేరే మొగ్గ వేసింది. రాత్రి పొడుగైతేనే చామంతి మొగ్గ వేస్తుందని ఎల్లమ్మ చెప్పింది. నా దీపం ఆ చేనుకు రాత్రినే రానివ్వలేదు.

"ఇగ నవ్వు," అంది.

దీపం ఆర్పే అధికారం నాకు లేదు. ఏఈ గారిని అడిగితే, రోడ్డు మీద వెలుగు తగ్గకుండా ఏదైనా చేయగలిగితే చేసుకో అన్నారు. కాలనీ సంఘానికి పెద్ద అయిన సుజాత మేడమ్ అంతకంటే గట్టిది. ఆడపిల్లలు ట్యూషన్ నుంచి వచ్చే దారి, పాములు తిరిగే జాగా, దీపం తగ్గిస్తే ఊరుకోనంది. ఆమె మాటా న్యాయమే.

ఆ లైనుకు కరెంటు ఆపించి నిచ్చెన ఎక్కాను. బ్రాకెట్టు దించి దీపం మొహాన్ని సరిగ్గా రోడ్డు మీదికి తిప్పాను. పాత పెయింటు డబ్బా రేకు కత్తిరించి, నల్లరంగు పూసి, చేను వైపు రెక్కలా బిగించాను. ఎల్లమ్మ కింద నిలబడి ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పెళ్లికూతురి జడ సర్దించినట్టు సర్దించింది.

పొద్దుగూకాక దీపం వేశాం. మేడమ్ చేతులు కట్టుకుని రోడ్డు మీద నిలబడింది. దూరానికి వెలుగు తగ్గినట్టే ఉంది. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో చేను గట్టు దిగి ఎవరో రోడ్డెక్కారు. "ఎల్లమ్మా, ఆగు, రేపు నాకు పూలు కావాలె," అని మేడమ్ పిలిచింది. పిలిచి తనే ఆశ్చర్యపోయింది. మొన్నటిదాకా ఆ వెలుగు కళ్లలో పొడిచి ఎదురొచ్చే మనిషి నల్లటి బొమ్మలా కనబడేదట. ఇప్పుడు ముక్కుపుల్లతో సహా కనబడింది. తన పడకగదిలోకి కొట్టే దీపానికీ ఒక రెక్క కట్టమని అక్కడే అడిగింది. వారం తిరక్కముందే ఇంటింటి నుంచీ నాకు ఖాళీ పెయింటు డబ్బాలు రావడం మొదలైంది. డాబాల మీద పడుకునేవాళ్లు చుక్కలు కనబడుతున్నాయని పిల్లల్లా చెప్పుకున్నారు.

దీపావళికి పూలు అందలేదు. కార్తీక పున్నానికి మాత్రం చేనంతా పసుపు ఆరబోసినట్టు విచ్చుకుంది. ఎల్లమ్మ మొదటి దండ తెచ్చి ఆ స్తంభానికే చుట్టింది. నేను పక్క స్తంభం మీద రేకు బిగిస్తున్నాను. "స్తంభానికి దండేసినవేందక్కా, పానం పోయిందనుకుంటరు," అన్నాను.

"నీ మెడల ఏద్దామంటే నువ్వు నిచ్చెన దిగవైతివి," అంది.

మరుసటి ఏడు ఆమె ఇరవై గుంటలు కౌలు చేసింది.

రిటైరయ్యేదాకా నేను మళ్లీ ఏ బ్రాకెట్టూ పైకి లేపలేదు. దీపం బిగించాక దూరం పోయి దాన్ని చూసి మురిసే అలవాటు మానుకున్నాను. కింద నిలబడి, ఎదురొచ్చే మనిషి మొహం కనబడుతోందా, పక్కింటి కిటికీ మీద ఎంత వెలుగు పడుతోంది అని చూసేవాణ్ని. మొహం కనబడి, కిటికీ చీకటిగా ఉంటేనే పని పూర్తయిందని రిజిస్టరులో సంతకం పెట్టేవాణ్ని.