కొబ్బరినీళ్లు తాపిన చెయ్యి

మాదాపూర్‌లో బండలు పగలగొట్టి కంప్యూటర్ కంపెనీలకు మేడలు లేపుతున్న కాలం. మదీనాగూడ రోడ్డు మీద ఉన్న మా చిన్న ఆసుపత్రికి కిడ్నీ డాక్టర్ని నేనే, ఐసీయూ చూసేదీ నేనే. వేరే ఎవరూ దొరక్క రెండూ నా నెత్తిన పడ్డాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నర్సులు చాటుగా అనుకునేవారు. అబద్ధమేం కాదు.

ఆ వేసవిలో పాలమూరు నుంచి పనికొచ్చిన ఒక మేస్త్రీని తీసుకొచ్చారు. రాళ్లు తొలగిస్తుంటే రక్తపింజర పాము కాటేసింది. విషానికి మందు పడి ప్రాణం నిలిచింది గాని, కిడ్నీలు పనిచేయడం మానేశాయి. అవి తేరుకునేదాకా డయాలిసిస్ మీద నెట్టుకురావాలి. తాగే నీళ్లు కూడా కొలిచి ఇచ్చేవాళ్లం, అతని దాహం తీరేది కాదు.

ఒక మధ్యాహ్నం మానిటర్ మీద గుండె గీత వంకర్లు పోయింది. పరుగెత్తాను. మంచం కింద ఖాళీ కొబ్బరిబోండాం కనిపించింది. ఆసుపత్రిలో ఎవరున్నా మనవాళ్లు ముందు తెచ్చేది అదే. కిడ్నీలు ఆగినవాడికి మాత్రం అందులోని పొటాషియం గుండెను ఆపేయగలదు. ఇంజెక్షన్లు ఇచ్చి, డయాలిసిస్‌కు ఎక్కించి, సాయంత్రానికి ఆ గీతను దారికి తెచ్చాం.

అతని భార్య గోడకు అంటుకుని నిలబడింది. "దూప, దూప అంటుండె డాక్టరమ్మా. సలువ జేస్తదని జర తాపిన" అంది. కేకలేద్దామనే నోరు తెరిచాను. ఆమె తన చేతివైపు చూసుకుంటున్న తీరు చూసి ఆగిపోయాను.

ఆ తర్వాత ఆమె మంచం దగ్గరికి రావడం మానేసింది. తలుపు అద్దంలోంచే చూసేది. లోపలికి రమ్మంటే, "వద్దమ్మా, నా చెయ్యి మంచిది గాదు" అనేది. అతను మెలకువగా ఉన్నంతసేపూ తలుపు వైపే చూసేవాడు.

ఒక ఉదయం అతని మంచానికి వేలాడదీసిన సంచిలో మూత్రం చేరింది. మా పనిలో ఇంతకంటే శుభవార్త లేదు. నర్సూ నేనూ ఆ సంచిని చూసి చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. రోజురోజుకీ అది పెరిగింది. ఇక దాహం తీరా నీళ్లు తాగవచ్చని చెప్పి నర్సు గ్లాసు అందిస్తే, అతను తల తిప్పేసుకున్నాడు.

"ఆమెను పిలువుండ్రి" అన్నాడు.

నేనే వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. గ్లాసు అందుకుని అతని పెదాలకు ఆనించింది. సగం నీళ్లు అతని మెడ మీద, దిండు మీద పోయాయి. ఐసీయూలో పక్క తడిస్తే ఊరుకోని మనిషిని నేను. ఆ రోజు మాత్రం వెనక్కి జరిగి ఆమెకు చోటిచ్చాను.

"సాలా?" అని ఆమె మెల్లగా అడిగింది.

"ఇంకిన్ని పొయ్యి" అన్నాడతను.