తోమా వాసన చూసిన చుక్క

మూత ఉన్నది వేయడానికని లోకం అనుకుంటుంది. తీయడానికని తోమా నమ్మకం. అన్నం ఉడుకుతుంటే ఊరికే మూత తీసి చూస్తాడు. కొత్తావకాయ జాడీకి వాసెన కట్టిన సాయంత్రమే విప్పి వేలు పెడతాడు. ఏటా పచ్చడి బూజు పట్టేది అందుకేనని ఆయన భార్య సంతోషకుమారి చర్చిలో సాక్ష్యం చెప్పడం ఒక్కటే తక్కువ.

ఇంట్లో తిట్లు తెచ్చిన ఆ చెయ్యే బయట అన్నం పెట్టింది. గుంటూరు శివార్లలో ఓ కోల్డ్ స్టోరేజీకి తోమా సూపర్‌వైజరు. బస్తా మూతి విప్పి, ఓ మిరపకాయ తుంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడంటే సరుకు నిలుస్తుందో లేదో చెప్పేస్తాడు. వేళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

కూతురు ఆరాధన యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మిరప చేలల్లో కొట్టే పురుగుమందును మట్టిలోని ఓ బ్యాక్టీరియా హాయిగా కోసుకు తింటుందట. ఆ కోసే కత్తి ఒక ఎంజైము. అదెలా కోస్తుందో తెలియాలంటే దాని ఆకారం చూడాలి. చూడాలంటే కోట్ల ఎంజైములను వరసగా నిలబెట్టి స్ఫటికం చేయాలి, దాని మీద ఎక్స్‌రేలు వేయాలి.

"లాట్ల ప్రకారం బస్తాలు పేర్చటమేగా," అన్నాడు తోమా. ఆయనకి వెంటనే అర్థమైంది. అర్థం కానిది ఎంజైములకే. మూడేళ్లుగా నిలబడమంటే గుంపుగా కూలబడుతున్నాయి. ఈ ఎండాకాలం దాటితే వేరే అంశం చూసుకోమని గైడు జయరావు గారు చెప్పేశారు. సరిగ్గా అప్పుడే ల్యాబులో చల్లగది పాడైంది.

"మా దగ్గర ఏడాది పొడుగునా చలేగదమ్మా," అన్నాడు తోమా. ఓనరు కూడా సరేనన్నాడు. చిన్న చిన్న గుంటల్లో ఒక్కో ఎంజైము చుక్క వేసి, పైన టేపు అంటించిన ప్లాస్టిక్ పలకలు మిరప బస్తాల పక్కన ఓ బల్ల మీదికి చేరాయి.

"నాన్నా, కదపొద్దు. టేపు మాత్రం అస్సలు తియ్యొద్దు," అంది ఆరాధన.

తోమా నిజంగానే ఆగాడు. హమాలీ అయూబ్ బస్తాతో అటు వస్తే, "మెల్లగా నడవరా, అక్కడ మా పిల్ల చదువుంది," అని గదిమాడు. రాత్రి ప్రార్థనలో ఎంజైము పేరు కూడా చేర్చాడు. కానీ గోడౌన్లో ఉన్న సరుకు ఎలా ఉందో తనకి తెలియకపోవడమా? ఓ మధ్యాహ్నం టేపు అంచు లేపి, వంగి వాసన చూశాడు. ఏ వాసనా లేదు. ఇదేం సరుకని పక్క గుంట కూడా తెరిచాడు. ఈలోగా లారీ వచ్చిందని కేక వినబడితే అలాగే వదిలేసి పరిగెత్తాడు. సరుకంతా దించాక వచ్చి టేపు నొక్కి అంటించాడు.

ఆదివారం ఆరాధన వచ్చి చూస్తే టేపు మీద ఎర్రటి వేలిముద్రలు.

"ఎందుకు తీశావ్ నాన్నా?"

"సరుకు బాగుందో లేదోనని."

ఆమె అరవలేదు. బల్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. తోమాకి తన చెయ్యి నరుక్కోవాలనిపించింది. సంతోషకుమారికి తెలిస్తే ఆ శ్రమ తనకి ఉండదని కూడా అనిపించింది.

పారేసే ముందు ఒకసారి చూద్దామని ఆరాధన ఆ పలకను ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టింది. మూసి ఉన్న గుంటలన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. తోమా తెరిచిన రెండింట్లో మాత్రం సూదిమొనంత స్ఫటికాలు మెరుస్తున్నాయి. గాలి తగిలి చుక్క చిక్కబడింది, చలికి ఎంజైములు తొందరపడకుండా వరస కట్టాయి. చుక్కలో కలిపిన ఉప్పేమోనని జయరావు గారు ఒకదాన్ని సూదితో పొడిచారు. ఉప్పయితే టక్కున పగిలేది. ఇది మెత్తగా నలిగింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మళ్లీ చేసి చూపిస్తేగాని సైన్సు ఒప్పుకోదు.

"టేపు ఎంతసేపు తీసి ఉంచారు తోమా గారూ?" అని అడిగారు జయరావు గారు.

"లారీ దించినంతసేపండి."

పరిశోధనా పత్రంలో ఆ కొలత చెల్లదు. అందుకని ఆరాధన వాచీ పట్టుకుని నిలబడి, అయూబ్ వాళ్లు మరో లారీ దించుతుంటే లెక్క చూసుకుంది. ఈసారి టేపు తీయడానికి తోమాకి ధైర్యం చాలలేదు. "నువ్వే తియ్యమ్మా," అని వెనక్కి జరిగాడు.

స్ఫటికాలు మళ్లీ వచ్చాయి. వాటి మీద ఎక్స్‌రేలు వేయించుకొచ్చి, కొన్ని నెలలు లెక్కలు కట్టి, ఆరాధన ఇంట్లో లాప్‌టాప్ తెరిచి నాన్నకి బొమ్మ చూపించింది. రంగురంగుల రిబ్బన్ల చుట్ట, నడుమ ఓ గుంట.

"పురుగుమందు వచ్చి ఇక్కడ కూర్చుంటుంది నాన్నా. ఈ రెండు జింకు పరమాణువులు మధ్యలో ఒక నీటి అణువును పట్టుకుని సరిగ్గా దాని మీదికి గురిపెడతాయి. మందు రెండు ముక్కలవుతుంది. విషం పోతుంది."

"అయితే కోసేది నీళ్లా?"

"నీళ్లే."

తోమా ఆ గుంట మీద వేలు ఆనించి చూశాడు. తర్వాత, "మా తమ్ముడు బుల్లయ్య పత్తి చేలో మందు కొడుతూ పడిపోయినప్పుడు మేం పోసిందీ నీళ్లేగా," అన్నాడు. "బిందెలు బిందెలు పోశాం. ఆటో వచ్చేసరికే పోయాడు."

"ఉత్త నీళ్ల వల్ల కాదు నాన్నా. ఒంట్లోకి వెళ్లిన మందును అవి కొయ్యలేవు. ఎన్ని పోసినా అంతే."

"నేను తక్కువ పోశానేమో అనుకుంటున్నానమ్మా, ఇన్నేళ్లూ," అన్నాడు తోమా, ఏడుస్తూ.